తొమ్మిది పలకరింపులు

నర్సింగు చదువుతున్నావు కదా తల్లీ, నీకు పనికొచ్చే ముచ్చటొకటి చెబుతాను. మిగతా పిల్లలూ, మీరూ వినండి.

మనసు విరిగి ప్రాణం తీసుకోబోయిన మనిషిని ఆసుపత్రివాళ్ళు కాపాడి ఇంటికి పంపుతారు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ అసలు గడ్డుకాలం ఆ తర్వాతి వారాలే. కర్ణాటకలోని మన కెంచార్లహళ్ళి పక్కన పట్టుపురుగులు పెంచేవాళ్ళకు ఇట్లాంటి జాగ్రత్త కొత్త కాదు. పురుగు పాత పొర విడిచి లేచిన పూటే కదా, ఆకు వేసి, తింటోందా లేదా అని తట్టల దగ్గరే కనిపెట్టుకుని ఉంటారు!

సరే, మనిషిని ఎట్లా కనిపెట్టుకుని ఉండాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి లెక్క తీయించింది. బ్రెజిల్, శ్రీలంక, ఇరాన్, చైనాలతోపాటు మనకు దగ్గరున్న చెన్నైలోనూ కలిపి, అట్లా బతికి బయటపడిన 1,867 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. లాటరీ ఎందుకంటారా? డాక్టర్ల ఇష్టానికి వదిలేస్తే కాస్త తేరుకున్నవాళ్ళంతా ఒకే గుంపులో చేరిపోవచ్చు. అప్పుడు ఏ గుణం దేనివల్ల వచ్చిందో తేలదు.

ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపువాళ్ళతో దాంతోపాటు, ఇంటికి పంపేముందు గంటసేపు కూర్చుని మాట్లాడారు. ఆపైన డాక్టరో, నర్సో, సైకాలజిస్టో ఫోన్ చేసో ఇంటికి వెళ్ళో పలకరించారు. 1, 2, 4, 7, 11 వారాలకు, తర్వాత 4, 6, 12, 18 నెలలకు. మొదట దగ్గర దగ్గరగా, పోనుపోను ఎడంగా, మొత్తం తొమ్మిదిసార్లు.

2008లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాదిన్నరలో మామూలు వైద్యం గుంపులో 18 మంది ఆత్మహత్య చేసుకున్నారు. పలకరించిన గుంపులో ఇద్దరు.

తర్వాత ఫ్రెంచ్ పాలినీషియాలో ఇదే పద్ధతి పెట్టి చూస్తే అంత తేడా కనబడలేదు. అంతమాత్రాన దీన్ని పారెయ్యకూడదు, కళ్ళు మూసుకుని నమ్మనూ కూడదు. పరిశోధన చెప్పింది తీసుకో, ఎదుటి మనిషికి తగ్గట్టు మలుచుకో, ఏం జరిగిందో రాసిపెట్టుకో. నర్సు పనిలో సైన్సంటే అదే తల్లీ.

మన చింతామణి, బాగేపల్లి పల్లెల్లో చాలా ఇళ్ళలో కష్టసుఖాలు చెప్పుకునేది తెలుగులోనే. కాబట్టి "అవ్వా, అన్నం తిన్నావా? రాత్రి నిద్ర పట్టిందా?" అని తెలుగులోనే మొదలుపెట్టు. తర్వాత "చచ్చిపోవాలన్న ఆలోచన మళ్ళీ వచ్చిందా?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని జంకవద్దు. న్యూయార్క్ రాష్ట్రంలో రెండువేల మందికి పైగా హైస్కూలు పిల్లలను పరిశీలించి 2005లో ప్రచురించిన పరిశోధనలో, అడిగినందువల్ల అట్లాంటి చెరుపేమీ జరగలేదని తేలింది.

అర్ధరాత్రి దిగులు ముంచుకొస్తే పట్టుకోవడానికి ఒక నంబరు కూడా ఇచ్చి పంపు. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్, 14416. ఉచితం. తెలుగులోనూ మాట్లాడతారు.

రేపు నువ్వు వార్డులో చేరాక, ఇంటికి వెళ్ళేవాళ్ళకు మాత్రలు ఎట్లా వేసుకోవాలో చెప్పేటప్పుడే ఆ తొమ్మిది తేదీలూ రాసుకో. ఏ తేదీనీ తప్పనివ్వకు.