బొంబాయి గుంజుడు వేరు, దుబాయి గుంజుడు వేరు

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. తెలంగాణ పల్లెల బతుకుదెరువు గురించి మన పెద్దలు ఈ మూడు మాటల్లనే చెప్తరు. మూడింటికి ప్రాస కుదిరింది గని, మూడు బతుకులు ఒక్కటి కాదు. బొగ్గుబాయిల కొలువులు ఎన్నడో తగ్గినై. తీరం పొంటి ఉన్న మిగతా రెండు పట్నాల దిక్కు మాత్రం మన పోరగాండ్ల చూపు ఇంకా పోతనే ఉన్నది.

మాది సిరిసిల్ల దిక్కు పల్లె. మా పెదనాయన బొంబాయి మిల్లుల సాంచెలు నడిపిండు. మా చిన్నమ్మ కొడుకు ఇప్పుడు దుబాయిల పెద్ద బిల్డింగులకు ఏసీ డక్టులు బిగిస్తడు. వీళ్లిద్దరి ముచ్చట్లు ఇనుకుంట పెరిగినోన్ని నేను. "అన్నా, ఏ పట్నం మంచిది?" అని తమ్ముళ్లు అడుగుతుంటరు. ఏ పట్నం మనకు ఏమిస్తది, ఏమియ్యది అన్న లెక్క తెలిస్తె, జవాబు మీకే దొరుకుతది.

బొంబాయి ఎట్ల పిలిచింది

బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. 1853ల బోరీ బందర్ నుంచి ఠాణే దాక మన దేశంల మొదటి ప్యాసింజర్ రైలు నడిచింది. ఆ మరుసటి ఏడే అక్కడ మొదటి బట్టల మిల్లు కంపెనీ పెట్టిన్రు. దీవుల నడుమ సముద్రం పూడ్వాలె, రోడ్లు ఎయ్యాలె, గోడలు కట్టాలె. గా పనికి నిజాం రాజ్యం నుంచి పోయిన మన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలు అన్నరు. కామాఠిపురకు ఆ పేరు వాళ్ల నుంచే వచ్చింది. ఇప్పుడు ఆ పేరు చెప్తె జనం ఇంకేదో అనుకుంటరు గని, అది మనోళ్ల చెమటతోని పడ్డ పేరు.

ఆ తర్వాత మన పద్మశాలీలు మిల్లులల్ల చేరిన్రు. మిల్లు కొలువు అంటె నెల జీతం, యూనియన్, పండుగకు బోనస్. ఊర్ల మగ్గం మీద అవి కనరావు. గని 1982 జనవరిల దత్తా సామంత్ నాయకత్వంల సమ్మె మొదలైంది. రెండు లక్షలకు పైగా కార్మికులు పని బంద్ పెట్టిన్రు. సమ్మె గెలువలేదు. శాన మిల్లులు మళ్ల తెరుచుకోలె. మా పెదనాయన భివండికి పోయి పవర్‌లూమ్ మీద పనికి నిలవడ్డడు. కొలువు పోయింది గని ఆయనను పట్నం ఎల్లగొట్టలె. ఈ ముచ్చట యాదిల పెట్టుకోన్రి, దుబాయి కాడ మళ్ల పనికొస్తది.

దుబాయి ఎట్ల పిలిచింది

దుబాయి అంటె మనకు 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా యాదికొస్తది. 2010ల తెరిచిన్రు దాన్ని. గని వందేండ్ల కింద అది ముత్యాల కోసం సముద్రంల మునిగేటోళ్ల చిన్న ఊరు. 1930ల దశకంల జపాన్ పెంపకం ముత్యాలు బజారుకొచ్చి, ఆ యాపారం కూలిపోయింది. ఇంకో సంగతి శాన మందికి తెల్వది. 1966 దాక అక్కడ నడిచింది మన రూపాయే. గల్ఫ్ కోసమని 1959ల మన రిజర్వ్ బ్యాంకే ప్రత్యేకంగ నోట్లు అచ్చేసింది.

1966లనే దుబాయిల చమురు దొరికింది. ఆ చమురు ఎక్కువ కాలం రాదని ముందే ఎరుకై, వచ్చిన పైసలను ఓడరేవుల మీద పెట్టిన్రు. 1979ల జెబల్ అలీ పోర్టు, 1985ల దాని పక్కనే ఫ్రీ జోన్, అదే ఏడు ఎమిరేట్స్ విమానాలు. ఇవన్ని కట్టడానికి మనుషులు కావాలె. అక్కడి సొంత జనం శాన తక్కువ. ఇప్పటికీ యూఏఈల పదిమందిని లెక్కవెడితె ఒక్కరే ఆ దేశపోళ్లు. మిగతా తొమ్మిదిమంది మన అసొంటి బయటోళ్లే, వాళ్లల్ల ఎక్కువ మంది భారతీయులు.

జీతం ఒకటి, మిగులు ఇంకొకటి

ఇగ అసలు లెక్కకొద్దాం. ఉదాహరణకు చెప్తున్న, అంకెలు మీకు తగ్గట్టు మార్చుకోన్రి.

దుబాయిల జీతం 1,200 దిర్హాములు అనుకుందాం. దిర్హాంకు 23 రూపాయల చొప్పున 27,600. ఉండే రూం కంపెనీదే. తిండికి, ఫోనుకు 400 దిర్హాములు తీస్తె 18,400 ఇంటికొస్తయి. ఊర్ల పెండ్లాం పిల్లల ఖర్చు 10,000. పోయేటప్పుడు తెచ్చిన లక్ష అప్పుకు రెండు రూపాయల మిత్తి, నెలకు 2,000. మిగిలేది 6,400.

బొంబాయిల రోజుకు 800 చొప్పున 25 రోజులు పని దొరికితె 20,000. అక్కడనే ఇల్లు తీసుకుంటె కిరాయి, తిండి, పిల్లల సదువు, లోకల్ రైలు పాసు అన్ని కలిపి 17,000. మిగిలేది 3,000. గని అక్కడ ఇంటామె గూడ పనికి పోతది. ఆమె 5,000 తెచ్చినా మిగులు 8,000 అయితది.

అంటె దుబాయి జీతం పెద్దగ కనవడేదాంట్ల ఒక కిటుకు ఉన్నది. మనిషి అక్కడ, సంసారం ఊర్ల. అక్కడ సంపాదించి ఇక్కడి ధరల్ల బతుకుతున్నం కాబట్టే ఆ పైసలు మిగులుతున్నయి. పెండ్లాం పిల్లలను దుబాయి తీస్కపోవాలంటె జీతం 4,000 దిర్హాములు ఉండాలె, కంపెనీ ఇల్లు ఇస్తె 3,000. కూలి జీతానికి అది అందది. మిగులు వెనుక రెండేండ్ల ఎడబాటు ఉన్నదన్నమాట. అప్పు తీరినంక, చేతిల ఎలక్ట్రీషియన్, వెల్డర్, డ్రైవర్ లెక్క పని ఉంటె దుబాయి ముందుకు పోతది. ఉత్త కూలికి పోతె తేడా మనం అనుకున్నంత ఉండది.

ఇంకో మాట. "దిర్హాం రేటు పెరిగింది" అని మనోళ్లు సంబురపడుతరు. దిర్హాంను డాలరుకు కట్టేసిన్రు, డాలరుకు 3.67 దిర్హాములు. 2005ల డాలరు 44 రూపాయలున్నప్పుడు దిర్హాం 12 రూపాయలే. ఇప్పుడు రెట్టింపు దగ్గరికి వచ్చిందంటె మన రూపాయి దిగింది. జీతం పెరిగిందని కాదు. ఊర్ల బియ్యం, మందులు, ఫీజులు కూడ ఆ నడుమ పెరిగినయి.

ఉండనిచ్చుడు, ఉండనియ్యకపోవుడు

బొంబాయిల వానొస్తె గుడిసెలకు నీళ్లొస్తయి. లోకల్ రైలుల ఊపిరాడది. వంద ఏండ్ల కింద పోయినా ఇంకా బస్తీలల్లనే ఉన్నోళ్లున్నరు. గని అది మన దేశం. యాడికన్న పోవచ్చు, యాడన్న ఉండవచ్చు అని రాజ్యాంగం 19వ అధికరణం చెప్తది. రేషన్ కార్డు అక్కడ గూడ చెల్లుతది. బొంబాయి కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడ నడుపుతది. శేట్ మంచిగ లేకపోతె తెల్లారి నాకా కాడ నిలవడి ఇంకో పని ఎతుక్కోవచ్చు.

దుబాయిల రోడ్లు అద్దం లెక్క. 2009 నుంచి డ్రైవర్ లేని మెట్రో నడుస్తున్నది. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాక బయట పని చేయించొద్దని కానూన్ ఉన్నది. జీతం బ్యాంకులనే ఎయ్యాలె. గని మీ వీసా మీ కొలువుకు ముడిపడి ఉంటది. కొలువు పోయి ఇంకోటి దొరకకపోతె ఇంటి బాట పట్టాలె. ఇరవై ఏండ్లు కట్టిన పట్నంల మీరు ఇరవై ఏండ్ల అతిథే.

ఎల్లేముందు చూస్కోవాల్సినవి

దుబాయి పోవద్దని నేను అనను. పోయి ఇల్లు కట్టుకున్నోళ్లు, చెల్లె పెండ్లి చేసినోళ్లు మా ఊర్లనే ఉన్నరు. గని విజిట్ వీసా మీద పనికి పోకున్రి. అది అక్కడ నేరం, దొరికితె జుర్మానా, వాపస్. ఏజెంటుకు లైసెన్స్ ఉన్నదా లేదా ఈ-మైగ్రేట్ పోర్టల్‌ల చూస్కోన్రి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీస్కోవద్దని మన రూల్. పదో తరగతి పాస్ కానోళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తరు, వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలె. ఆ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి పోయే ఆడోళ్లకు 30 ఏండ్లు నిండాలె. రెండేండ్లకు 275 రూపాయలు కడితె ప్రవాసీ భారతీయ బీమా వస్తది. ప్రమాదంల పానం పోతె ఇంటోళ్లకు 10 లక్షలు. పాస్‌పోర్టు కంపెనీ గుంజుకునుడు అక్కడి కానూన్‌కే విరుద్ధం.

బొంబాయి పోయేటోళ్లు గుత్తేదారు నోటిమాట మీద అడ్వాన్స్ తీస్కోకున్రి. ఎన్ని రోజుల పని, రోజుకెంత కూలి అనేది కాయితం మీద రాయించుకోన్రి, లేకపోతె ఫోన్లనన్న రికార్డు పెట్టుకోన్రి.

ఇన్‌స్టాల దోస్తు పెట్టిన బుర్జ్ ఖలీఫా ఫోటో చూసి అప్పు తేకున్రి. అదే దోస్తుకు ఫోన్ చేసి మూడు సంగతులు అడుగున్రి: రూంల ఎంతమంది ఉంటున్నరు, నెలకు ఇంటికి ఎంత పంపుతున్నవ్, అప్పు ఎప్పుడు తీరింది. ఆ మూడింటికి వచ్చిన జవాబు రాసిపెట్టుకొని, దాని పక్కన బొంబాయి లెక్క, ఊరి లెక్క గూడ రాయున్రి. అప్పుడు ఏ బస్సు ఎక్కాల్నో, ఏ విమానం ఎక్కాల్నో, అసలు ఎక్కాల్నో వద్దో మీరే తేల్చుకోన్రి.