విమానం ఎక్కేముందు తనిఖీ ఎందుకు? ఎలా?

1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి ఢిల్లీ వస్తున్న విమానాన్ని దుండగులు హైజాక్ చేసి కాందహార్ తీసుకుపోయారు. ఆ తర్వాత మన విమానాశ్రయాల కాపలాను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి (సీఐఎస్ఎఫ్) అప్పగించడం మొదలైంది. 2000లో జైపూర్‌తో శ్రీకారం చుట్టారు. శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ చేసేదీ ఈ జవాన్లే. నియమాలు పెట్టేది మాత్రం పౌర విమానయాన భద్రతా బ్యూరో.

బ్యాగు తెరవకుండా లోపలున్నది ఎలా తెలుస్తుంది?
ఎక్స్‌రేలు బట్టల్లోంచి సులువుగా దూసుకుపోతాయి, లోహం దగ్గర చాలావరకు ఆగిపోతాయి. ఆ తేడాను కంప్యూటర్ రంగుల్లో చూపిస్తుంది. బట్టలు, తిండి, కాగితాలు నారింజ రంగులో, ఇనుము వంటి లోహాలు నీలంగా కనిపిస్తాయి. చాలా పేలుడు పదార్థాలదీ నారింజ రంగే! అందుకే అనుమానం వస్తే బ్యాగు విప్పి చూస్తారు.

ల్యాప్‌టాప్ బయటికి ఎందుకు తీయాలి?
అందులో బ్యాటరీ, సర్క్యూట్లు దట్టంగా ఉంటాయి. వాటి చాటున ఉన్న వస్తువు తెరమీద సరిగా కనబడదు.

మనం దాటే ద్వారం ఎందుకు కూస్తుంది?
అందులో ఎక్స్‌రే ఉండదు. తీగచుట్టలు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. జేబులో లోహముంటే ఆ క్షేత్రం మారి, అలారం మోగుతుంది.

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఎందుకు?
అందులోని లిథియం బ్యాటరీ అంటుకున్నా, క్యాబిన్‌లోనైతే సిబ్బంది వెంటనే గమనించి ఆర్పగలరు.