మూడు గాదెలు – వేరుగా దాచిన విత్తనాలు

బోమాంట్ ఆసుపత్రి పరిసరాలలో నివసించే మనవారికి 2021 మే 14 గుర్తుండే ఉంటుంది. ఆనాడు సమాచారానికి తాళంవేసి సొమ్మడిగే 'కాంటి' దాడివల్ల ఐర్లండ్ ఆరోగ్య సేవాసంస్థ తన కంప్యూటర్లను దేశమంతటా ఆపివేసింది. తాళంచెవి వారంలోపే లభించినా, సర్వర్లన్నీ తేరుకొనేసరికి సెప్టెంబరు వచ్చింది.

నేటి ఆసుపత్రులలో, కార్యాలయాలలో హైపర్‌కన్వర్జ్‌డ్ సర్వర్ సమూహాలు విరివిగా కనిపిస్తాయి. వీటిలో గణన, నిల్వ ఒకే యంత్రాలలో ఇమిడి ఉంటాయి. మూడింటిలో ఒకటి చెడినా, మిగిలినవాటిలోని ప్రతులు పని నడిపిస్తాయి. కనుక మరమ్మతు ఒక్కొక్కదానికే చేయాలి; ప్రతులు సరిపోలిన పిదపనే రెండవదానిని తాకాలి.

అయితే చెడురాత కూడ అన్ని ప్రతులకూ క్షణంలో పాకుతుంది. ఒకే దొడ్డిలోని మూడు గాదెలూ ఒకే నిప్పుకు ఆహుతి కావా? రైతు విత్తనాలను వేరుగా దాచినట్లు, ఒక నకలును సమూహానికి వెలుపల, నెట్‌వర్కుతో సంబంధం లేకుండ ఉంచాలి. అప్పుడప్పుడు దానినుండి పునరుద్ధరించి పరీక్షించాలి. మొలకెత్తని విత్తనం కరువులో అక్కరకు రాదు.