అడ్వాన్సు ఎవరి సొమ్ము?

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌కు పోతే రంగనాయకస్వామి గుడినీ, పక్కనున్న రంగసముద్రం చెరువునూ చూపించి "రాజులు కట్టించిన్రు" అంటారు. నిజమే, కట్టించిన్రు. మరి కట్టినోళ్లెవరు? ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఇవాళ రాజు జాగాలో కాంట్రాక్టరూ కంపెనీ వచ్చి కూర్చున్నాయి. వాళ్లకు 'ఉపాధి కల్పించేవాళ్లు' అని కొత్త బిరుదు. వాళ్ల మీద పన్ను వేస్తే పేదోడి పని పోతదని బెదిరింపు.

మేము యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం. పెట్టుబడి పెట్టేవాడే పని పుట్టిస్తాడని క్లాసులో చదువుకున్నం. ఇంటి దగ్గర మాత్రం చూసింది వేరు.

1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ మొదలు దేశంలో ఎన్ని ఆనకట్టలకు పాలమూరు లేబర్ రాళ్లు మోసిందో లెక్క లేదు. అందులో మన మాల మాదిగలు, వెనుకబడిన కులాలవాళ్లే ఎక్కువ. గుంపు మేస్త్రి ఇంటికొచ్చి అడ్వాన్సు ఇస్తడు. అప్పు తీరుతది, పెండ్లి అయితది. అందుకే "మేస్త్రి పనిచ్చిండు" అంటరు. ఆ పైసలు మేస్త్రికి ఎక్కడివి? కాంట్రాక్టర్ ఇచ్చిండు. కాంట్రాక్టర్‌కు? సర్కారు ప్రాజెక్టయితే, చాలా ఒప్పందాల్లో పని మొదలుకాకముందే మొబిలైజేషన్ అడ్వాన్సు పేరున ఖజానా ఇస్తది. ఖజానా నింపేది పన్నులు. పెబ్బేరు సంతలో సబ్బు కొనే కూలి తల్లి కూడా పన్ను కడుతున్నది. 2025 సెప్టెంబర్ దాకా ఆ సబ్బు మీద జీఎస్టీ 18 శాతం, తర్వాత 5 శాతం. అంటే ఆమె కట్టిన పైసలో కొంత నాలుగు చేతులు మారి, ఆమెకే అప్పుగా తిరిగొస్తున్నది! అది తీరేదాకా పని వదిలిపోయే వీలుండదు. ఇట్లాంటి బందీతనంలో ఉన్న కాంట్రాక్టు, వలస కూలీలు కూడా 1976 వెట్టి నిషేధ చట్టం కిందికే వస్తారని 1985 సవరణ స్పష్టంగా చెప్పింది.

కాంట్రాక్టర్ ఏమీ చెయ్యడా? మిషన్లు తెస్తడు, పని నడిపిస్తడు. దానికి లాభం తీసుకుంటడు. కానీ ఆ పని అతను పుట్టించింది కాదు. ఊర్లో కిరాణం కొట్టుకూ బట్టలు కుట్టేవాళ్లకూ గిరాకీ తెచ్చేది కూడా వలసపోయినోళ్ల కూలి పైసలే.

అంబేడ్కర్ 1927లోనే బొంబాయి శాసనమండలిలో ఈ అన్యాయాన్ని పట్టుకున్నాడు. ఆదాయపు పన్నులో తక్కువ సంపాదన ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, భూమిశిస్తులో చిన్నరైతుకు అదీ లేదన్నాడు. నేటి పరోక్ష పన్నులదీ అదే గుణం, అవి మనిషి తాహతు చూడవు. 2015 బడ్జెట్‌లో సంపద పన్ను ఎత్తేశారు. 2019 సెప్టెంబర్‌లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. (మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు.) ఏటా 1.45 లక్షల కోట్లు పోతయని సర్కారే చెప్పింది. ఆ తర్వాత, 2022-23లో, దేశాదాయంలో 22.6 శాతం పై 1 శాతం మందికే దక్కిందని ప్రపంచ అసమానతల ప్రయోగశాల అర్థశాస్త్రవేత్తలు లెక్కగట్టిన్రు.

కూలీకి తిరిగి రావాల్సిన పన్ను ఒకటుంది. నిర్మాణ ఖర్చు మీద సెస్సు. 2025 నవంబర్ దాకా 1996 చట్టం ప్రకారం దాన్ని 1 శాతం చొప్పున వసూలు చేసిన్రు. 37,400 కోట్లకు పైగా వసూలైతే ఖర్చయింది 9,500 కోట్లేనని 2018లో సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. అది అందాలంటే కార్డుండాలె. కార్డుకు, ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు కావాలె. మూడు రాష్ట్రాల్లో రాళ్లు మోసినోడు ఆ కాగితం మీద సంతకానికి చాలాసార్లు పోవాల్సింది, ఆ అడ్వాన్సు ఇచ్చినోళ్ల దగ్గరికే.