దారి తప్పిన దుబాసి

బెల్లంపల్లి బొగ్గుగనుల పట్టణం. కాజీపేట - బల్లార్షా రైలుమార్గంలో, నేటి మంచిర్యాల జిల్లాలో ఉన్న ఈ ఊరి పేరు వినగానే సింగరేణి కార్మికుల శ్రమజీవనం మనసులో మెదలుతుంది. నిలువుగా తవ్విన బొగ్గుగనిలోనికి మనుషులను దించడానికి కేజ్ అనే ఇనుప పంజరం ఉంటుంది. దానిని నేలపైనున్న ఇంజను నడుపుతుంది. ఇంజను నడిపే కార్మికునికి గని అడుగుభాగం కనబడదు. గంటల సంకేతాలే అతనికి కన్నులు. కేజ్ ఆగి ఉన్నప్పుడు ఒక గంట మ్రోగితే పైకి లాగాలని అర్థం. కదులుతున్నప్పుడు అదే గంట మ్రోగితే ఆపాలని అర్థం. రెండు గంటలు మ్రోగితే క్రిందికి దించాలి. ఈ భాష తెలియనివాడు ఇంజను ముందు కూర్చుంటే యంత్రంలో ఏ లోపం లేకపోయినా ప్రాణాపాయం తప్పదు.

కంప్యూటర్‌లో కూడ ఇటువంటి సంకేతభాషలు ఉన్నాయి. ప్రింటర్, స్కానర్, ధ్వనినిచ్చే సౌండ్ కార్డు, తెరపై బొమ్మను చూపే గ్రాఫిక్స్ కార్డు - వీటిలో ప్రతి పరికరానికీ తనదైన భాష ఉంటుంది. కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఈ భాషలన్నీ తెలియవు. ఆ రెండింటి నడుమ నిలిచి, ఒకరి మాటను మరొకరికి తెలియజెప్పే చిన్న ప్రోగ్రామ్‌నే డ్రైవర్ అంటారు. పేరు డ్రైవర్ అయినా అది చేసేది దుబాసి పని. పూర్వం కుంఫిణీ దొరలకూ దేశీయ వర్తకులకూ మధ్య దుబాసి ఎంత అవసరమో, కంప్యూటర్‌కూ పరికరానికీ మధ్య డ్రైవర్ అంత అవసరం. దుబాసి సమర్థుడైతే వ్యవహారం సాగుతుంది. వేరొక భాష నేర్చినవాడు వచ్చి దుబాసినని కూర్చుంటే వ్యవహారం చెడుతుంది.

ఒక ప్రోగ్రామ్ పొరపాటు చేస్తే అది ఒక్కటే ఆగిపోవడం సాధారణంగా చూస్తుంటాం. డ్రైవర్ పొరపాటు చేస్తే కంప్యూటర్ మొత్తం ఎందుకు ఆగిపోతుంది? ఆపరేటింగ్ సిస్టమ్‌లో రెండు అంతస్తులు ఉండడమే ఇందుకు కారణం. ఉత్తరాలు వ్రాసుకొనే ప్రోగ్రామ్, పాటలు వినిపించే ప్రోగ్రామ్ వంటివి పై అంతస్తులో పనిచేస్తాయి. వాటి నడుమ గోడలుంటాయి. కెర్నెల్ అనే లోపలి అంతస్తులో అటువంటి గోడలు లేవు. పెక్కు డ్రైవర్లు ఈ లోపలి అంతస్తులోనే పనిచేస్తాయి. ఇది గనిలోపలి స్థితి వంటిది. గనిలో ఒకచోట పుట్టిన నిప్పు పొగ గాలిదారుల వెంట అందరినీ చేరుతుంది. కెర్నెల్‌లో ఒక డ్రైవర్ తనది కాని మెమొరీని తాకితే మొత్తం వ్యవస్థ నమ్మదగనిదవుతుంది.

అప్పుడు విండోస్ తనంతట తాను ఆగి, పెక్కు రూపాలలో తెరపై నీలిరంగు పరచి, ఒక సంకేతాన్ని చూపుతుంది. దీనిని చూసి చాలామంది కంప్యూటర్ పాడైపోయిందని భయపడతారు. నిజానికి అది ఆత్మరక్షణ. గనిలో మీథేన్ వాయువు 1.25 శాతాన్ని మించితే అక్కడి విద్యుత్తును నిలిపివేస్తారు. పని ఆగిందని ఎవరూ విచారించరు, ప్రమాదం తప్పిందని ఊపిరి పీల్చుకొంటారు. నీలితెర కూడ అటువంటిదే. తప్పుడు లెక్కలతో ముందుకు సాగి డిస్కులోని సమాచారాన్ని చెరపడం కంటె ఆగిపోవడమే మేలని వ్యవస్థ నిర్ణయించుకొన్నదని దాని భావం.

ఈ అనుభవం సామాన్యులకే కాదు, నిపుణులకూ తప్పలేదు. 1998 ఏప్రిల్ 20వ తేదీన అమెరికాలోని షికాగో నగరంలో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ సమక్షంలో విండోస్ 98 ప్రత్యేకతలను వివరిస్తున్నారు. స్కానర్‌ను తగిలించగానే కంప్యూటర్ దానిని తానే గుర్తించి, తగిన డ్రైవర్‌ను చేర్చుకొంటుందని చూపబోయారు. స్కానర్ తగిలించారు. మరుక్షణమే తెర నీలివర్ణమైంది. సభ నవ్వులతో నిండిపోయింది. రెండు నెలల తరువాత, జూన్ 25న విండోస్ 98 విడుదలైంది.

సరికాని డ్రైవర్ కంప్యూటర్‌లోనికి ఎలా ప్రవేశిస్తుంది? బెల్లంపల్లిలో ఒక విశ్రాంత గనికార్మికుని ఇంట పాత కంప్యూటర్ ఉన్నదనుకొందాం. అందులో పిల్లల చదువుల పత్రాలు, పింఛను కాగితాల నకళ్ళు, పెండ్లి ఫోటోలు ఉన్నాయి. ధ్వని రావడం లేదని ఆ ఇంటి విద్యార్థి స్నేహితుని వద్దనుండి వేరొక కంప్యూటర్ సి.డి. తెచ్చి డ్రైవర్ వేశాడు. రెండు యంత్రాలపైనా ఒకే కంపెనీ పేరుంది. కాని లోపలి చిప్పులు వేరు. మరునాడు నీలితెర వచ్చింది. దుకాణానికి తీసుకొని వెళ్తే ఫార్మాట్ చేయాలన్నారు. ఫార్మాట్ అంటే డిస్కును తుడిచి మళ్ళీ మొదలుపెట్టడం. పాపం, ఇక్కడ దుబాసిని మార్చితే సరిపోయే దానికి ఇంటినే కూల్చే ప్రయత్నం జరుగుతున్నది. పోయిన ఫోటోలను ఏ దుకాణమూ తిరిగి ఇవ్వలేకపోవచ్చు.

అందుచేత నీలితెర కనబడినప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: చివరిసారిగా మార్చినదేమిటి? కొత్త పరికరమో, కొత్త డ్రైవరో చేర్చిన తరువాతనే ఈ అవస్థ వచ్చినట్లయితే ఆ మార్పునే ముందుగా వెనుకకు తీసుకోవాలి.

దీనికి సేఫ్ మోడ్ అనే మార్గం ఉంది. ఈ పద్ధతిలో విండోస్ అత్యవసరమైన కొద్ది డ్రైవర్లతో మాత్రమే మేల్కొంటుంది. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 కాలంలో కంప్యూటర్ ప్రారంభమయ్యేటప్పుడు ఎఫ్ 8 మీట నొక్కితే ఈ దారి దొరికేది. విండోస్ 10, 11లలో ప్రారంభం పలుమార్లు విఫలమైతే మరమ్మతు తెర దానంతట అదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అనే మెట్లు దాటి, కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించి, 4 అంకె నొక్కాలి. డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. దానిని ముందుగానే వేరొకచోట వ్రాసి భద్రపరచుకోవాలి.

సేఫ్ మోడ్‌లోనికి ప్రవేశించిన తరువాత డివైస్ మేనేజర్ తెరచి, అనుమానం గల పరికరాన్ని ఎంచుకోవాలి. దాని వివరాలలో డ్రైవర్ అనే పుటలో 'రోల్ బ్యాక్' మీట ఉంటుంది. దానిని నొక్కితే పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. పాత డ్రైవర్ నిలువ లేకపోతే ఆ మీట పనిచేయదు. అప్పుడు కొత్తదానిని తొలగించాలి. తొలగించేటప్పుడు డ్రైవర్ ఫైళ్ళను కూడ తొలగించమనే గడిని గుర్తించాలి. లేనిచో మరల ప్రారంభించగానే అదే డ్రైవర్ తిరిగి వచ్చి చేరుతుంది. సిస్టమ్ రిస్టోర్ సౌకర్యాన్ని ముందే అమర్చుకొని ఉంటే, డ్రైవర్లను, వ్యవస్థ అమరికలను మునుపటి తేదీనాటి స్థితికి తేవచ్చు. సొంత ఉత్తరాలు, ఫోటోలు దానివలన చెరగవు.

తరువాత సరైన డ్రైవర్‌ను వెదకాలి. పెట్టెపైనున్న పేరును నమ్మరాదు. ప్రతి పరికరమూ తన గుర్తింపు సంఖ్యలను తనలోనే దాచుకొని ఉంటుంది. డివైస్ మేనేజర్‌లోని డీటెయిల్స్ పుటలో హార్డ్‌వేర్ ఐడీస్ అనే వరుసలో అవి కనబడతాయి. వాటిలో మొదటిది తయారీదారును తెలుపుతుంది. ఉదాహరణకు 8086 ఇంటెల్‌కు, 1002 ఏఎండీకి చెందిన సంఖ్యలు. రెండవది ఆ పరికరం ఏ నమూనాదో తెలుపుతుంది. ఈ రెండు సంఖ్యలకూ, విండోస్ రకానికీ సరిపడే డ్రైవర్‌ను తయారీదారు నుండి గాని, విండోస్ అప్‌డేట్ నుండి గాని తీసుకోవాలి. 32 బిట్ల విండోస్ కొరకు తయారైన డ్రైవర్ 64 బిట్ల విండోస్‌లో పనిచేయదు.

నీలితెర వచ్చినప్పుడెల్లా డ్రైవర్‌నే నిందించరాదు. తెరపై సంకేతం చివర '7బి' ఉంటే విండోస్ ఉన్న డిస్కు అందలేదని, 'డి1' ఉంటే ఒక డ్రైవర్ తాకరాని మెమొరీని తాకిందని అర్థం. ఏ మార్పూ చేయకుండానే కంప్యూటర్ ఆగిపోతున్నా, సేఫ్ మోడ్‌లో సైతం ఆగిపోతున్నా మెమొరీని, డిస్కును, వేడిని అనుమానించాలి. బొగ్గుధూళి, వేసవి ఎండ కలిసిన ఊళ్ళలో ఫ్యాన్ రెక్కలకు దుమ్ము పట్టి ప్రాసెసర్ వేడెక్కడం అరుదు కాదు. అటువంటప్పుడు ఎన్ని డ్రైవర్లు మార్చినా ప్రయోజనం లేదు.

కెర్నెల్‌లో జరిగే చిన్న పొరపాటు ఎంత దూరం పాకగలదో 2024 జూలై 19న ప్రపంచానికి తెలిసివచ్చింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ డ్రైవర్ ఒకటి లక్షలాది కంప్యూటర్ల కెర్నెల్‌లో పనిచేస్తుండేది. అది ఏ పరికరానికీ దుబాసి కాదు, కాని దాని స్థానం ఆ అంతస్తులోనే. భారత కాలమానం ప్రకారం ఆ ఉదయం 9 గంటల 39 నిమిషాలకు దానికి ఒక కొత్త సమాచార ఫైలు చేరింది. ఫైలు 21 అంశాలను కోరింది. అందినవి 20 మాత్రమే. లేని అంశాన్ని చదవబోయి డ్రైవర్ హద్దు దాటింది. సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. హైదరాబాదు నుండి కోల్‌కతాకు వెళ్ళే ప్రయాణికునికి విమాన సిబ్బంది చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసు ఇవ్వవలసి వచ్చింది.

సంస్థ 78 నిమిషాలలోనే ఆ ఫైలును వెనుకకు తీసుకొన్నది. అయినా అప్పటికే ఆగిపోయిన యంత్రాలలో అనేకం దిద్దుబాటును అందుకోలేకపోయాయి. సిబ్బంది ఒక్కొక్క కంప్యూటర్ వద్దకు వెళ్ళి, సేఫ్ మోడ్‌లో దానిని మేల్కొలిపి, ఆ ఒక్క ఫైలును తొలగించవలసి వచ్చింది. అంతటి విపత్తుకూ చికిత్స బెల్లంపల్లి ఇంటిలోని కంప్యూటర్‌కు చేయదగినదే: చివరగా వచ్చినదానిని గుర్తించి తీసివేయడం.

గనిలో ఒక షిఫ్టు ముగిసినప్పుడు పర్యవేక్షకులు తాము చూసినదానిని, చేసినదానిని పుస్తకంలో వ్రాసి సంతకం చేస్తారు. తరువాతి షిఫ్టువారు దానిని చదివిన పిమ్మటనే లోపలికి అడుగుపెడతారు. వెనుకటివారు ఏమి మార్చారో తెలియకుండా ముందుకు పోరాదన్నది బొగ్గుగని నేర్పిన క్రమశిక్షణ. కంప్యూటర్ వాడేవారికీ అది వర్తిస్తుంది. కొత్త డ్రైవర్ వేసేముందు ముఖ్యమైన పత్రాలకు నకలు తీసుకోవడం, తేదీతో సహా ఆ మార్పును ఒక పుస్తకంలో వ్రాసుకోవడం నిమిషాల పని. నీలితెర వచ్చిన రోజున ఏళ్ళ జ్ఞాపకాలను కాపాడేది ఆ ఒక్క పంక్తే.