తర్జుమా అంటే తక్కువా?

"నన్నయగారిది అనువాదమా, స్వతంత్ర రచనా? ఏదో ఒకటి చెప్పండి మాష్టారూ, పరీక్షలో రాయాలి" అన్నాడొక విద్యార్థి. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నవాణ్ణి, సమాధానం నోటికి వచ్చు. కాని ఆ "ఏదో ఒకటి" అన్న మాట ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలలేదు. చిత్రమేమిటంటే, దానికి జవాబు నాకు టర్కీ దేశంలో దొరికింది.

ఇస్తాంబూలులోని బొగాజిచి విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన సాలిహా పాకెర్ అనే విదుషీమణి, టర్కీ భాషలోకి జరిగిన సాహిత్యానువాదాల చరిత్రను శోధించడానికి ఏళ్ళ తరబడి శ్రమించారు. అనువాదాన్ని అక్కడ పూర్వం 'తెర్‌జెమె' అనేవారు. మన కచేరీలలో వినిపించే 'తర్జుమా' దానికి తోబుట్టువే. రెండింటికీ తల్లి ఒక అరబ్బీ మాట.

పూర్వపు టర్కీ కవులు పారశీక కావ్యాలను తమ భాషలోకి తెచ్చుకున్నారు. 1317లో గుల్‌షెహ్రీ అనే కవి, అత్తార్ మహాకవి చెప్పిన పక్షుల కథను టర్కీలో రాశాడు. కొన్ని కథలు విడిచాడు, వేరే చోట్లనుంచి మరికొన్ని తెచ్చి చేర్చాడు. మరి దీన్నేమనాలి? మూలానికి కట్టుబడలేదు గనుక అనువాదం కాదన్నారు కొందరు. మూలం ఉన్నది గనుక సొంతం కాదన్నారు మరికొందరు. పాపం, ఆ కవికి ఏ పంక్తిలోనూ విస్తరి పడలేదు!

ఆనాటి రచనకు ఆనాటి కొలతే వాడాలంటారు పాకెర్. తెర్‌జెమె అంటే మాటకు మాట దించడం ఒక్కటే కాదు. పెంచడం, కుదించడం, మళ్ళీ చెప్పడం, అన్నీ అందులోవే. 'నజీరే' అని ఇంకొక పద్ధతి ఉండేది. పెద్ద కవి పద్యానికి దీటుగా, అదే ఛందస్సులో, అదే ప్రాసతో మరొకటి చెప్పడం. టర్కీ, పారశీకం, అరబ్బీ కలిసిన ఆ ఉమ్మడి ముంగిలిని ఆమె 'ఒట్టోమన్ అంతర్ సంస్కృతి' అన్నారు.

ఇదంతా పండితుల కాలక్షేపం అనుకోకండి. 1862లో ఫ్రెంచి 'తెలెమాక్' టర్కీలో అచ్చయింది. ఐరోపా నవలల అనువాదం దానితో మొదలయింది. 1928లో లిపి మారింది. 1940లో విద్యామంత్రి హసన్ ఆలీ యూజెల్ ప్రభుత్వ అనువాద సంస్థను నెలకొల్పారు. అది 1966 దాకా ప్రపంచ సాహిత్యాన్ని ఇంటింటికీ అందించింది. 'తెర్‌జెమె' పోయి 'చెవిరి' అన్న కొత్త మాట వచ్చింది. లాభం ఎంతో ఉన్నది. కాని కొత్త లిపిలో చదువుకున్న మనుమడు తాత పుస్తకం విప్పి చదవలేకపోయాడు. చదవలేని పుస్తకాన్ని "ఉత్త అనుకరణ" అని తోసివేయడం తేలిక. అలా తోసివేస్తే కొన్ని వందల ఏళ్ళ కవిత్వం పోతుంది. ఆమె కాపాడ చూసింది దానినే.

ఆమె చరిత్ర రాయడంతో ఆగలేదు. లతీఫె తెకిన్ నవలలను మరికొందరితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. టర్కీ సాహిత్యాన్ని అనువదించేవారి కోసం 2006లో జుందా ద్వీపంలో ఒక శిబిరం ఆరంభించారు.

మరునాడు ఆ కుర్రవాడిని పిలిచాను. "నన్నయగారు కొంత కుదించారు, కొంత పెంచారు, గద్యపద్యాలతో మన నుడికారంలో చెప్పారు. దానికి మన పెద్దలు ఒక మాట పెట్టే ఉంచారు, నాయనా. తెనిగించారు అని రాయి" అన్నాను.

"మార్కులు తగ్గితే?" అన్నాడు.

"తగ్గవు. తెనిగించడం తక్కువ పనేమీ కాదు" అన్నాను.