వేలు పెట్టినా తెరవదు, ముఖం చూపినా తెరవదు: ఫోన్ తాళం కథ

స్మార్ట్‌ఫోన్‌కు వేసే తాళం ఇంటి తాళం లాంటిది కాదు. ఇంటి తాళానికి చెవి పడుతుంది, లేదా పడదు. నాలుగంకెల పిన్ కూడా అంతే. వేలిముద్రకూ ముఖానికీ ఆ కచ్చితం లేదు. ఒకే వేలిని రెండుసార్లు ఆనిస్తే రెండు ముద్రలు అచ్చంగా ఒకేలా పడవు. ఒత్తిడి మారుతుంది, కోణం మారుతుంది, చెమట మారుతుంది. అందుకే ఫోన్ చూసేది పోలిక మాత్రమే. ముందే దాచుకున్న నమూనాకు ఎదుట ఉన్నది ఎంత దగ్గరగా ఉందో లెక్కగట్టి మార్కులు వేస్తుంది. పాస్ మార్కులు వస్తే తెరుచుకుంటుంది. పాస్ మార్కులు పెంచితే సొంతదారే గుమ్మం బయట నిలబడాల్సి వస్తుంది, తగ్గిస్తే పరాయివాడు లోపలికి వస్తాడు. ఈ రెండు తప్పులనూ ఒకేసారి సున్నాకు తెచ్చిన యంత్రం ఇంతవరకు లేదు. ఫోన్ ముందు రోజూ పడే విసుగులో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే.

వేలిముద్ర కథ ఫోన్ల కంటే చాలా పాతది, అందులో ముఖ్యమైన భాగం బెంగాల్‌లో జరిగింది. 1858లో జంగీపూర్‌లో పనిచేస్తున్న విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డు పనికి సామగ్రి సరఫరా చేసే రాజ్యధర్ కోనాయ్ చేత ఒప్పందపత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. సంతకం తనది కాదని రేపు బుకాయించకుండా భయపెట్టాలన్నదే అప్పటికి ఆయన ఉద్దేశం. ముద్రలతో మనుషుల్ని గుర్తుపట్టవచ్చన్నది ఆ తరవాత తట్టిన సంగతి. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. దాని వెనక ఉన్న వర్గీకరణ పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరే స్థిరపడింది కానీ, గణితం తెలిసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు అధికారుల కష్టం అందులో తక్కువేమీ కాదు.

చర్మం మీది గీతలు పొలంలో గట్లూ చాళ్లూ లాంటివి. ఒక గట్టు ఎక్కడో హఠాత్తుగా ఆగిపోతుంది, ఇంకొకటి రెండుగా చీలుతుంది. ఇలాంటి చోట్లు ఒకదానికొకటి ఎంత దూరంలో, ఏ దిశలో ఉన్నాయన్నదే గుర్తింపుకు ఆధారం. పోలీసు దగ్గర వేలిని ఈ చివర నుంచి ఆ చివర దాకా దొర్లించి ముద్ర తీస్తారు. ఫోన్‌కు దొరికేది చిన్న బొత్తామంత జాగాలో పడ్డ ముక్క మాత్రమే. అందుకే కొత్త ఫోన్‌లో వేలిని నమోదు చేసేటప్పుడు పదేపదే ఆనించమంటుంది. ఆ ముక్కలన్నిటినీ అతుక్కుని పటం గీసుకుంటుంది. ఆ పని తొందరగా, వేలి కొసను ఒకే తీరుగా ఆనిస్తూ ముగించినవాళ్లకు తరవాతి రోజుల్లో ఇబ్బంది తప్పదు. పటంలో లేని మూల ఎదురైతే ఫోన్ అది వేరే వేలనుకుంటుంది.

వేలిముద్ర పట్టే మొబైల్ 2004లోనే వచ్చింది, కొరియా కంపెనీ పాంటెక్ తెచ్చిన జీఐ100. 2011లో మోటొరోలా ఏట్రిక్స్ వెనకవైపు సన్నని పట్టీ మీద వేలిని గీయాలి. వేగం ఎక్కువైనా, వంకరగా పోయినా చదవదు. జనం పిన్‌కే తిరిగి వెళ్లిపోయారు. ఆ పట్టీ తయారుచేసిన ఆథెన్‌టెక్ కంపెనీని ఆపిల్ 2012లో కొనేసింది. మరుసటి ఏడాది ఐఫోన్ 5ఎస్‌లో వేలిని గీయక్కర్లేదు, బొత్తాం మీద ఆనిస్తే చాలు. జనానికి వేలిముద్ర తాళం అలవాటైంది అప్పటి నుంచే.

ఆ బొత్తాం కింద వెంట్రుక మందం కంటే చిన్నవైన లోహపు పలకలు వరసలు వరసలుగా ఉంటాయి. అంగుళానికి 500 చొప్పున. వేలు ఆనినప్పుడు గట్టు పలకకు దగ్గరగా ఉంటుంది, చాలు కాస్త ఎడంగా, మధ్యలో గాలితో ఉంటుంది. ఆ దూరాన్ని బట్టి పలక పట్టుకోగలిగే విద్యుదావేశం మారుతుంది. ఏ పలక దగ్గర ఎంత మారిందో చూసి బొమ్మ కడతారు. చర్మంలోని తేమా ఉప్పూ విద్యుత్తును పోనిస్తాయి కాబట్టే ఇదంతా సాధ్యం.

ఇబ్బందులకు కారణం కూడా అదే. అంట్లు తోమిన చేత్తో ఫోన్ ముట్టుకుంటే చాళ్లలో నీళ్లు నిండి ఉంటాయి. గట్టుకూ చాలుకూ తేడా లేని మడుగే పలకలకు కనిపిస్తుంది. చాలాసేపు నీళ్లలో నానిన వేలి కొస ముడతలు పడితే గీతల మధ్య దూరాలే మారిపోతాయి. చలికాలంలో చర్మం ఎండిపోతే బొమ్మ తెగిపోయిన గీతలతో వస్తుంది. పిండి, నూనె, మందు పూసిన బ్యాండేజీ సంగతి చెప్పనక్కర్లేదు. అన్నిటికన్నా మొండి సమస్య అరిగిపోయిన గీతలది. సిమెంటు కలిపేవాళ్లు, నాట్లూ కలుపూ చేసే కూలీలు, వయసు మళ్లినవాళ్లు ఈ చిక్కును ఫోన్‌లో కంటే ముందు రేషన్ దుకాణంలో ఈపోస్ యంత్రం దగ్గరే చూశారు. వేలు పడక, బియ్యం దొరకక తిరిగి వెళ్లిన అనుభవం తెలుగు రాష్ట్రాల్లో కొత్త కాదు. ఆధార్ ధ్రువీకరణకు వేలితో పాటు కనుపాపనూ, ఆ తరవాత ముఖాన్నీ చేర్చాల్సి వచ్చింది అందుకే.

వేలిముద్రకు ఇంకో బలహీనత ఉంది. మనిషి పోయిన చోటల్లా దాన్ని వదిలేసి వస్తాడు. యోకొహామాలో సుతోము మత్సుమోతో బృందం 2002లో జెలటిన్‌తో, అంటే జెల్లీ మిఠాయి చేసే పదార్థంతో, వేళ్లు పోతపోసి మార్కెట్లో దొరికే 11 పరికరాలను మోసం చేసి చూపింది. ఐఫోన్ 5ఎస్ అమ్మకానికి వచ్చిన కొన్ని రోజుల్లోనే జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్ గాజు మీది ముద్రను ఫోటో తీసి నకలు చేసి దాన్ని తెరిచింది. 2018లో పెద్దపల్లి జిల్లాలో బయటపడ్డ కేసుకు ఇంత హంగు కూడా అక్కర్లేకపోయింది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజుల మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపుల్లా చేసి, సిమ్ కార్డులు యాక్టివేట్ చేశారు. పిన్ బయటపడితే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం.

తర్వాత వేలి బొత్తాం తెర కిందికి దిగింది. వీవో 2018 జనవరిలో తెచ్చిన ఫోన్‌తో ఇది మొదలైంది. తెరే టార్చిలా వెలిగి వేలిని కింద నుంచి ఫోటో తీస్తుంది, చీకటి గదిలో కళ్లు జిగేలుమనేది అందుకే. ఖరీదైన ఫోన్లలో కాంతి బదులు మనిషికి వినపడని శబ్ద తరంగాలు వాడతారు. తడి వేలికి ఇవి కాస్త మెరుగు. కానీ రెంటికీ తెర మీద అతికించిన గాజు పగ. తెరకూ గాజుకూ మధ్య గాలి పొర ఉంటే తరంగం అక్కడే వెనక్కి తిరుగుతుంది. 2019లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10 మీద ఒక రకం సిలికాన్ కవరు వేస్తే ఎవరి వేలికైనా తెరుచుకోవడం మొదలైంది. కవరు లోపలి నమూనానే ఫోన్ వేలిగా నేర్చుకుంది. కంపెనీ తప్పును ఒప్పుకుని సాఫ్ట్‌వేర్ సరిచేసింది.

ముఖం చూసి తెరిచే ఫోన్ల కథ ఇంతకంటే నవ్వు తెప్పిస్తుంది. కంప్యూటర్‌కు ముఖం గుర్తుపట్టడం నేర్పే ప్రయత్నం 1960లలోనే అమెరికాలో మొదలైంది. 1973లో జపాన్‌లో తకేవో కనాడే తన పరిశోధనలో కళ్లూ ముక్కూ నోరూ మధ్య దూరాలను కంప్యూటర్ తనంతట తాను కొలిచేలా చేశాడు. ఫోన్‌లోకి అది 2011లో ఆండ్రాయిడ్ 4.0తో వచ్చింది. హాంకాంగ్‌లో ఆవిష్కరణ వేదిక మీద చూపబోతే, చూపిస్తున్న మనిషినే ఫోన్ గుర్తుపట్టలేదు. తరవాత కొద్ది రోజులకే తెలిసిందేమిటంటే, సొంతదారు ఫోటో చూపించినా సరే అది తెరుచుకుంటుందని! మరుసటి ఏడాది కన్ను ఆర్పమని అడగడం చేర్చారు. సాదా కెమెరాకు లోతు తెలియదు కాబట్టి ముఖమూ ముఖం బొమ్మా దానికి ఒకటే.

లోతు కొలిచే పద్ధతి వీడియో ఆటల నుంచి వచ్చింది. మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ వెనక ఉన్న ఇజ్రాయెల్ కంపెనీ ప్రైమ్‌సెన్స్‌ను 2013లో ఆపిల్ కొన్నది. 2017లో ఐఫోన్ ఎక్స్ ముఖం మీద కంటికి కనపడని 30,000కు పైగా పరారుణ చుక్కలు వేసింది. చదును గోడ మీద పడితే ఆ చుక్కలు ఒక అమరికలో ఉంటాయి. ముక్కు ఎత్తు మీద, కంటి గుంతలో అవి పక్కకు జరుగుతాయి. ఎంత జరిగాయో కొలిస్తే ముఖం ఎత్తుపల్లాలు తెలిసిపోతాయి. వెలుతురు అక్కర్లేదు కనుక చీకట్లోనూ పనిచేస్తుంది, ఫోటోకు లోబడదు. పరాయివాడు పొరపాటున తెరవగల అవకాశం వేలికి 50,000లో ఒకటైతే దీనికి 10,00,000లో ఒకటని కంపెనీ చెప్పింది. కవలలకూ, పోలికలున్న తోబుట్టువులకూ, పదమూడేళ్ల లోపు పిల్లలకూ ఆ లెక్క వర్తించదని కూడా తానే చెప్పింది.

కానీ విసుగు మాత్రం పోలేదు, రూపం మార్చుకుంది. బల్ల మీద పడి ఉన్న ఫోన్‌ను పక్క నుంచి వేలితో తాకితే చాలదు, ముఖం ఎదుటకు తేవాలి. పక్కకు తిరిగి పడుకుని దిండులో సగం ముఖం దాగి ఉంటే గుర్తుపట్టదు. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లకూ అంతే. 2020లో ప్రపంచమంతా మాస్కు కట్టగానే, ముక్కూ నోరూ కలిపి ముఖాన్ని చూసే ఈ యంత్రం ఒక్కసారిగా చేతకానిదైంది. కంటి చుట్టుపక్కల భాగాన్నే నమ్ముకుని తెరిచే ఏర్పాటు ఐఫోన్‌లో 2022 మార్చిలో గానీ రాలేదు. గూగుల్ పిక్సెల్ 4కు వచ్చింది ఇంకో చిక్కు. నిద్రపోతున్న మనిషి ముఖం ముందు పెట్టినా అది తెరుచుకునేది. కళ్లు తెరిచి ఉండాలన్న షరతు 2020లో అప్‌డేట్‌గా చేరింది.

తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు ఈ చుక్కల పరికరం ఉండదు, ముందు కెమెరా ఒక్కటే ఉంటుంది. ముఖం చూపగానే ఫోన్ తెరుచుకుని, బ్యాంకు యాప్ దగ్గరికి వచ్చేసరికి వేలు అడగడం అందుకే. గూగుల్ ఈ పద్ధతులను మూడు తరగతులుగా విడదీసింది. నకళ్లకు లొంగే అవకాశం 7 శాతం దాటనివే పై తరగతిలోకి వస్తాయి. ఒట్టి కెమెరా ముఖానికి సాధారణంగా ఆ గీటు అందదు కనుక, డబ్బు వ్యవహారాలకు దాన్ని నమ్మరు.

వేలూ ముఖమూ ఎంత మెరుగుపడినా పిన్‌ను మాత్రం పక్కకు నెట్టలేకపోయాయి. ఐఫోన్‌లో వరసగా అయిదుసార్లు పోలిక కుదరకపోయినా, 48 గంటలు ఫోన్ తెరవకపోయినా పిన్ కొట్టాల్సిందే. ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఏ స్మార్ట్‌ఫోనైనా అదే అడుగుతుంది. లోపలి సమాచారాన్ని విప్పే గూఢలిపి తాళంచెవి తయారయ్యేది ఆ అంకెల నుంచే. ప్రతిసారీ కొద్దిగా తేడాగా పడే వేలిముద్ర నుంచి, ప్రతిసారీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా రావలసిన చెవిని తయారుచేయడం చాలా కష్టం. అందుకని పిన్ ఒకసారి ఆ చెవిని తీసి చిప్‌లోని భద్రమైన మూలలో పెడుతుంది. ఆ తరవాత వేలో ముఖమో దాన్ని అడిగి తెచ్చుకుంటాయి.